కాపరి కుక్కతో కాపురం

ఆదిలాబాద్ జిల్లా బోథ్, ఇచ్చోడ, బజార్‌హత్నూర్ వైపు ఇప్పుడు రెండు తీర్ల కాపలా కుక్కలు కనిపిస్తాయి. ఒకటి డాబా ఇంటి గేటు వెనక గొలుసుకు కట్టేసిన జర్మన్ షెపర్డ్. మనవాళ్లు చాలామంది దాన్ని ఇంకా అల్సేషన్ అనే అంటారు. రెండోది గొల్ల కురుమల మంద పక్కన, ఏ జాతి పేరూ ఏ కాగితమూ లేకుండా రాత్రంతా మేలుకుని తిరిగే కుక్క. మొదటిదాన్ని వేలు పోసి తెచ్చుకుంటారు. రెండోదానికి ఎవరూ వెల కట్టరు. కాపరి జాతి కుక్కను ఇంటికి తెచ్చుకోవచ్చా, తెచ్చుకుంటే ఎట్లా సాకాలి, మన మంద కుక్క విలువ ఏమిటి అనే ప్రశ్నల్ని సాధారణంగా విడివిడిగా మాట్లాడుకుంటాం. వీటిని కలిపి చూస్తేనే అసలు చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది.

మంద దగ్గర కుక్క చేసే పనులు రెండు. ఒకటి తోలడం, రెండోది కాయడం. తోలే కుక్క కాపరి మాట విని గొర్లను కదిలిస్తుంది, చెదిరినవాటిని మళ్లిస్తుంది, గుంపును ఒక దగ్గరికి తెస్తుంది. కాచే కుక్కకు గొర్లను కదిలించాలన్న ధ్యాసే ఉండదు. వాటి మధ్యనే పడుకుంటుంది, తోడేలో నక్కో వస్తే లేచి మొరిగి ఎదురు నిలుస్తుంది. అమెరికాలోని హాంప్‌షైర్ కాలేజీలో 1970ల నుంచి ఈ రెండు రకాలనూ పెంచి పరిశీలించిన రేమండ్ కాపింజర్ ఈ తేడాకు మంచి వివరణ ఇచ్చాడు. వేటాడే జంతువు కన్నేస్తుంది, పొంచి నడుస్తుంది, తరుముతుంది, పడుతుంది, చంపుతుంది. తోలే కుక్కలో మనిషి తరతరాల ఎంపికతో మొదటి మూడు గుణాలను పెంచి, చివరి రెండింటినీ అణిచాడు. కాచే కుక్కలో ఆ వరుస మొత్తమే అణగారిపోయింది. అందుకే అది గొర్రెపిల్ల పక్కన నిశ్చింతగా పడుకోగలదు.

ఈ తేడా తెలియకుండా కుక్కను ఎంచుకోవడంతోనే చాలా ఇళ్లలో బాధలు మొదలవుతున్నాయి. కాపలాకు కుక్క కావాలనుకున్నవాళ్లు తోలే జాతి పిల్లను తెస్తున్నారు. తోలడానికి దానికి ఏమీ ఉండదు.

తోలే కుక్కల్లో మొదట చెప్పుకోవలసింది ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో తయారైన బోర్డర్ కోలీ. నార్తంబర్లండ్‌లో ఆడమ్ టెల్ఫర్ దగ్గర 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే మగకుక్క ఈ జాతికి మూలం. అది పెద్దగా మొరగకుండా, కరవకుండా, వంగి నడుస్తూ చూపుతోనే గొర్లను కదిలించేదని చెబుతారు. అంతకుముందే, 1873లో, వేల్స్‌లోని బాలాలో ఇలాంటి కుక్కలకు పోటీలు పెట్టారు. 1906లో వీటికోసం అంతర్జాతీయ సంఘమే ఏర్పడింది. ఈ జాతి తెలివి గురించి అందరూ చెప్పే ఉదాహరణ చేజర్ అనే ఆడకుక్క. జాన్ పిల్లే అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు దానికి 1,022 బొమ్మల పేర్లు నేర్పాడు. ఆ ఫలితం 2011లో అచ్చయింది. ఆ పేర్లు నేర్పడానికి ఆయనకు మూడేళ్లు పట్టింది, అదీ రోజుకు నాలుగైదు గంటల చొప్పున. తెలివైన కుక్కను సాకడం సులువు అనుకునేవాళ్లు ఆ గంటల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. తెలివి ఎక్కువున్న కుక్కకు పని కూడా ఎక్కువే కావాలి. మనం పని చూపించకపోతే అది తనంతట తానే వెతుక్కుంటుంది. ఆ పని మనకు నచ్చేదై ఉండదు.

జర్మన్ షెపర్డ్ కథ బోథ్ రైతుకు ఇంకా బాగా అర్థమవుతుంది. ఆశ్విక దళంలో పనిచేసిన మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ 1899లో ఒక పల్లె కాపరి కుక్కను కొని హోరాండ్ అని పేరు పెట్టి, అదే ఏడు జాతి సంఘాన్ని స్థాపించాడు. ఆ కుక్కలు చేసే పని బోర్డర్ కోలీ పనిలా ఉండదు. జర్మనీ పల్లెల్లో మేత భూమికీ పంట భూమికీ నడుమ కంచెలు ఉండేవి కావు. గొర్లు మేస్తున్నంతసేపూ కుక్క పంట అంచున, నాగటి చాలు వెంబడి అటూ ఇటూ నడిచేది. చేనులోకి తల పెట్టిన గొర్రెను వెనక్కి నెట్టేది. అంటే అది నడిచే కంచె. ఉదయం నుంచి పొద్దుగూకే వరకు అదే నడక, మధ్యలో కాపరి కేకకు చెవి నిక్కించి ఆగడం, మళ్లీ నడక.

బోథ్ చుట్టూ వానాకాలంలో చూడండి. ఎటు చూసినా పత్తి, సోయా, నడుమ కంది సాళ్లు. చేలకు కంచెలు తక్కువ. గట్టు మీదుగా, బండ్ల బాట మీదుగా మందను తోలుకుపోయే కాపరికి రోజంతా ఒకటే గుబులు. నాలుగు మేకలు పక్క చేనులో పడ్డాయంటే పంచాయితీ తప్పదు. జర్మన్ కాపరి కుక్కతో చేయించిన పనిని మన కాపరి కట్టె పట్టుకుని, ఈల వేసి, కేకలు పెట్టి తానే చేసుకుంటాడు. తోలే పనికి కుక్కను వాడే అలవాటు మన దగ్గర లేదు. ఆ పని కోసమే పుట్టిన జాతిని మాత్రం తెచ్చి, ఇరవై అడుగుల వాకిట్లో కట్టేస్తున్నాం.

అలా కట్టేసిన కుక్క ఏం చేస్తుందో దాని చరిత్రను బట్టే చెప్పవచ్చు. గోడ వెంబడి అటూ ఇటూ తిరిగి తిరిగి నేల మీద చార పడేలా చేస్తుంది. గేటు బయట పోయే బండినల్లా తరమబోతుంది. పిల్లలు వాకిట్లో ఉరుకుతుంటే వాళ్ల మడమల దగ్గర పళ్లు ఆనిస్తుంది. దానికి అది కరవడం కాదు, చెదిరిన మందను దగ్గరికి చేర్చడం. మూడేళ్ల పిల్లకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? పొలాల అమావాస్య నాడు కొమ్ములకు రంగులు పూసిన ఎడ్లు డప్పుల నడుమ వీధిలో సాగిపోతుంటే గొలుసు తెంపుకోవడానికి పెనుగులాడుతుంది. చుట్టాలు వస్తే మొరుగుతుంది, చుట్టాలు వెళ్తామని లేచినప్పుడు ఇంకా ఎక్కువగా మొరుగుతుంది. గుంపులోంచి ఒకరు విడిపోతున్నారంటే దానికి నచ్చదు. ఇవన్నీ చూసి ఇంటివాళ్లు కుక్కకు పొగరెక్కిందని కొడతారు, గొలుసు ఇంకా కురచ చేస్తారు. దాంతో ఆ కుక్క నిజంగానే కరిచే కుక్కగా మారుతుంది.

దీన్ని చట్టం కూడా పట్టించుకుంది. జంతుహింస నిరోధక చట్టం 1960 నాటిది. అందులోని 11వ సెక్షన్ ప్రకారం మరీ కురచ గొలుసుతో, అంతులేకుండా కట్టేసి ఉంచడం నేరం. రోజూ కట్టేసి ఉంచే కుక్కకు వ్యాయామం చేయించకపోవడమూ నేరమే. కుక్క ఎవరినైనా కరిచేలా నిర్లక్ష్యంగా వదిలితే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కట్టేయడానికీ వదిలేయడానికీ నడుమ యజమాని చేయవలసిన పని చాలా ఉంది.

ఆ పనిలో మొదటిది పిల్లగా ఉన్నప్పటిదే. స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు 1965లో ప్రచురించిన గ్రంథం తర్వాత ఒక సంగతి స్థిరపడింది. కుక్కపిల్ల మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం వరకు ఎవరెవరిని దగ్గరగా చూస్తుందో వారినే జీవితాంతం తనవాళ్లుగా ఎంచుతుంది. ఆ రోజుల్లో అది పిల్లల్ని, ముసలివాళ్లను, తలగుడ్డ కట్టినవాళ్లను, కోళ్లను, మేకలను, మోటారు సైకిళ్లను చూడాలి, చప్పుళ్లు వినాలి. అయితే తల్లి దగ్గర నేర్వవలసింది తల్లి దగ్గరే నేర్వాలి. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో తెచ్చిన నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ముప్పై రోజుల పిల్లను అట్టపెట్టెలో పెట్టి బస్సులో పంపే వ్యాపారి దగ్గర కొనకండి. తల్లిని చూపించనివాడి దగ్గర అసలే కొనకండి. జర్మన్ షెపర్డ్‌కు తుంటి కీలు సరిగా అమరని జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. తల్లిదండ్రులు ఎట్లా నడుస్తున్నాయో చూస్తే కొంతైనా తెలుస్తుంది.

రెండోది రోజువారీ పని. ఎదిగిన షెపర్డ్‌కో కోలీకో పొద్దున గంట, సాయంత్రం గంట ఒళ్లు అలిసే నడక, పరుగు కావాలి. ఒళ్లు అలిస్తే సరిపోదు, బుర్ర కూడా అలవాలి. కూసో, ఆగు, రా, వదులు అనే నాలుగు మాటలు ఇంట్లో అందరూ ఒకే తీరుగా అనాలి. మన భాష దానికి బాగానే తెలుస్తుంది, ఇంగ్లీషే అక్కరలేదు. దాచిన వస్తువును వాసనతో వెతకమనడం, పొలం దాకా చిన్న సంచి మోయించడం, మేకలు దొడ్డిలోకి పోతుంటే పక్కన కూర్చుని ఊరికే చూడమనడం, ఇవన్నీ పనులే. ఊరికే చూస్తూ కూర్చోవడం దానికి అన్నిటికన్నా కష్టమైన పని. అది నేర్చిన కుక్కతో ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. మందిని చూసి మొరిగినప్పుడు కొట్టడం కన్నా, మొరగక కూర్చున్నప్పుడు ముక్క పెట్టడం ఎక్కువ పనిచేస్తుంది. తిండి సంగతి చెప్పాలంటే, పెరుగన్నంతో ఈ జాతులు నిలవవు, గుడ్డో మాంసమో ఉండాలి. ఉడికించిన ఎముకలు పెట్టకూడదు, విరిగి పేగులో గుచ్చుకుంటాయి. ఉల్లిగడ్డ, ద్రాక్ష, చాక్లెట్ దానికి విషం.

బెల్జియన్ మాలినోస్ గురించి ఒక్క మాట చాలు. లాడెన్ మీద 2011లో, బాగ్దాదీ మీద 2019లో జరిగిన దాడుల్లో పాల్గొన్న జాతి అని వార్తల్లో చూసి మోజుపడేవాళ్లున్నారు. మన పోలీసు శాఖ కూడా మొయినాబాద్‌లోని అకాడమీలో ఈ కుక్కలకు శిక్షణ ఇస్తుంది. అక్కడ ఒక్కో కుక్క వెనక రోజంతా దాని పనే చూసే మనిషి ఉంటాడు. అటువంటి మనిషి లేని ఇంట్లో ఈ జాతి ఉండకూడదు.

ఇక వాతావరణం. ఆదిలాబాద్ జిల్లా రాష్ట్రంలో చలి ఎక్కువున్న జిల్లా, పుష్యమాసపు రాత్రుల్లో రెండు పొరల బొచ్చున్న కుక్కకు ఇక్కడ హాయే. మే నెల మాత్రం దానికి గండం. 44, 45 డిగ్రీల ఎండలో రేకుల షెడ్డు కింద కట్టేసిన షెపర్డ్ మధ్యాహ్నం దాటేసరికి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. కుక్క ఒంటి వేడి మామూలుగా 38, 39 డిగ్రీలుంటుంది. 41 దాటితే ప్రమాదం. ఆగకుండా రొప్పుతూ, చిక్కటి చొంగ కారుస్తూ, చిగుళ్లు ఎర్రబడి, తూలుతూ నడిస్తే వెంటనే నీడకు తెచ్చి కడుపుమీద, తొడల మధ్య, పాదాలమీద చల్లటి నీళ్లు పోస్తూ దవాఖానకు తీసుకుపోవాలి. చాలామంది వేసవిలో బొచ్చు మొత్తం గొరిగిస్తారు. ఆ పై బొచ్చే ఎండను ఆపుతుంది కాబట్టి గొరగకూడదు, రోజూ దువ్వి ఊడే బొచ్చు తీసేయాలి. నడక పొద్దు పొడవకముందే ముగించాలి.

పిడుదుల జ్వరం మన ప్రాంతంలో ఈ కుక్కల్ని ఎక్కువగా తినేసే జబ్బు. వానలు పడ్డాక వారానికోసారి చెవుల లోపల, వేళ్ల సందుల్లో వెతకాలి. ఇక్కడే ఒక హెచ్చరిక చేయాలి. గొర్లున్న ఇంట్లో నట్టలకు వాడే ఐవర్‌మెక్టిన్ మందు అందుబాటులో ఉంటుంది. పిడుదులు పోతాయని అదే మందు కుక్కకు పొడిచేవాళ్లున్నారు. కోలీ జాతుల్లో చాలా కుక్కలకు, జర్మన్ షెపర్డ్‌లలోనూ కొన్నింటికి, ఆ మందును మెదడులోకి పోనీయకుండా ఆపే జన్యువు దెబ్బతిని ఉంటుంది. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2001లో దీన్ని గుర్తించారు. అటువంటి కుక్కకు గొర్రె మోతాదు పడితే తూలి పడిపోయి, చూపు పోయి, చచ్చిపోవచ్చు. డాక్టరు చెప్పకుండా ఈ మందు వాడవద్దు.

ఇప్పుడు మంద కుక్క దగ్గరికి రావాలి. నా దృష్టిలో ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే, అందరూ మరిచేదీ అదే. పంట కోసిన చేలలో ఎరువు కోసం రైతులు మంద పెట్టించుకుంటారు. ఆ రాత్రులు గొర్లు వల కంచె లోపల, కాపరి మంచం కంచె పక్కన, కుక్కలు చుట్టూ చీకట్లో. పక్క రాష్ట్రపు హద్దు, అడవి, రోడ్డు అన్నీ దగ్గరే కనుక నక్క భయం, చిరుత భయం, ఆటోలో వచ్చే దొంగ భయం మూడూ ఉంటాయి. కుక్క గొంతులో తేడాను బట్టి వచ్చింది మనిషో మెకమో కాపరికి తెలుస్తుంది. ఇది కాచే కుక్క. పిల్లగా కళ్లు తెరిచినప్పటి నుంచీ గొర్ల వాసనలో పెరిగింది, జొన్నరొట్టె, గట్కతో బతుకుతుంది, మే ఎండకు తట్టుకుంటుంది. శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి చెప్పిన పెంపకం పద్ధతిని మన కాపరులు ఎవరూ చెప్పకుండానే పాటిస్తున్నారు. కురుమల ఇలవేల్పు మల్లన్నను మహారాష్ట్రలో ఖండోబాగా కొలుస్తారు. ఆయన పటంలో గుర్రం పక్కన కుక్క కూడా ఉంటుంది.

తెలుగు నేలమీద పేరు తెచ్చుకున్న నాటు కుక్కలు లేకపోలేదు. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని తోలడానికి వాడిన జొన్నంగి, కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గరి పందికోన కుక్క ప్రసిద్ధమైనవి. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ వంటి జాతుల్ని, తర్వాత హిమాచల్ కాపరుల గద్ది కుక్కను నమోదు చేసింది. గద్ది కుక్క పక్కా మంద కుక్క, చిరుత కొరకకుండా దాని మెడకు ఇనుప ముళ్ల పట్టీ కడతారు. అది గుర్తింపు పొందింది కనుక దక్కన్ గొర్ల మందల కుక్కను కూడా ఒకరు కొలిచి, చూసి, రాయవలసిన అవసరం ఉంది. 2019 పశుగణనలో 1.91 కోట్ల గొర్రెలతో దేశంలో మొదటి స్థానంలో నిలిచిన రాష్ట్రం మన తెలంగాణ. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో యూనిట్‌కు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ ఇచ్చారు. బీమా, రవాణా లెక్కలోకి వచ్చాయి, కాపలా కుక్క రాలేదు. నమీబియాలో 1994 నుంచి చీతా సంరక్షణ సంస్థ రైతులకు మందను కాచే జాతి కుక్కపిల్లలను ఇస్తోంది. మేకల నష్టం తగ్గింది, చీతాలను కాల్చి చంపడమూ తగ్గింది. మనకు కుక్కను పైనుంచి తేవలసిన పని కూడా లేదు, ఉన్నదాన్ని బతికించుకుంటే చాలు.

బతికించుకోవడం అడవికీ అవసరమే. కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యమైంది. పెన్‌గంగ అవతల మహారాష్ట్రలో తిప్పేశ్వర్ అభయారణ్యం ఉంది. 2024 చివర జానీ అని పిలిచిన మగపులి కిన్వట్ వైపు నుంచి దాటి ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాల్లో వందల కిలోమీటర్లు తిరిగింది, దారిలో పశువుల్ని చంపింది. కుక్క పులిని ఆపలేదు. కాపరిని లేపుతుంది, అంతే, అదే చాలు. కానీ టీకా లేని కుక్క అడవికి వేరే ముప్పు తెస్తుంది. డిస్టెంపర్ అనే కుక్కల జబ్బు వల్ల 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో సుమారు వెయ్యి సింహాలు చచ్చాయి. 2018లో గిర్ అడవిలో చచ్చిన సింహాల్లోనూ ఆ వైరస్ కనిపించింది. మన అడవుల్లో పులితో పాటు రేసుకుక్కలూ ఉన్నాయి, వాటికీ ఆ జబ్బు సోకుతుంది. మంద కుక్కకు వేసే టీకాలు గొర్రెకు, కాపరికి, పులికి మూడింటికీ పనికొస్తాయి.

రేబిస్ విషయం మరీ స్పష్టం. లక్షణాలు బయటపడ్డాక బతికేవాళ్లు దాదాపు లేరు. కరిచిన వెంటనే ధారగా పారే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు దవాఖానకు పోయి చెప్పిన సూదులన్నీ వేయించుకుంటే దాదాపు ఎవరూ చావరు. పసరు, కారం, సున్నం పూయడం వల్ల ఆలస్యమే తప్ప మేలు లేదు.

మొత్తం చూశాక నా అభిప్రాయం ఇది. రోజుకు రెండు గంటలు తానే స్వయంగా ఇవ్వగలిగిన మనిషి, ఎండకు నీడ, పిల్లలకు కాస్త తెలివి వచ్చిన ఇల్లు ఉంటే జర్మన్ షెపర్డ్‌ను తెచ్చుకోవచ్చు. పదేళ్లకు పైగా అంత నమ్మకంగా వెంట ఉండే ప్రాణి దొరకడం అదృష్టమే. పొద్దంతా ఇంటికి తాళం వేసి పోయేవాళ్లు తెచ్చుకోకూడదు. పొలం కాపలాకు, దొడ్డి కాపలాకు అయితే జాతి కుక్క అక్కరలేదు. పక్క మంద దగ్గర మంచి తల్లికి పుట్టిన పిల్లను అడిగి తెచ్చుకుని మేకల నడుమ పెంచుకోండి.

జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు, పశువుల దవాఖానల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. గేటు వెనక కుక్కను ఎట్లాగూ తీసుకుపోతారు. ఈసారి మీ ఊరి మంద కాపరిని కలిసి, ఆయన కుక్కల్ని కూడా బండెక్కించుకుపోండి. మంద దూరంలో ఉండి రాలేకపోతే ముందు రోజే డాక్టరుతో మాట్లాడి టీకాలు మంద దగ్గరికే తెప్పించండి. కుక్కకో గొర్రెకో ఒంట్లో బాగాలేకపోతే 1962కు ఫోన్ చేయవచ్చు, పశువుల అంబులెన్సు వస్తుంది.